బండికి చీమలు పట్టిన రోజు

పోయిన ఆదివారం పొద్దున, మా కింది వాటాలో అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి తన మోటార్ సైకిల్‌ని వాకిట్లో ఇటుకల మీదికి ఎక్కించి ముందు ఫోర్కులో స్ప్రింగులు మార్చడం మొదలుపెట్టాడు. ఫోన్‌ని గోడకు ఆనించి, అందులో ఎవరో చేసి చూపిస్తుంటే చూస్తూ చేస్తున్నాడు. నేను పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగాను. నాలుగు నెలలుగా, అంటే మా ఆయన పోయినప్పటి నుంచి, నేను వాకిట్లో నిలబడడం తక్కువ. ఆ రోజు కూడా పాలు తీసుకొని వెనక్కి తిరిగేదాన్నే. అంతలో ఫోర్కు పైన ఉండే ఇనుప మూత చివరి మర దగ్గర టప్పున లేచి, అతని భుజం మీదుగా ఎగిరి, గోరింట కుండీలో పడింది. అతను ఉలిక్కిపడి వెనక్కి కూలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. “మీద బట్ట కప్పి విప్పాలి బాబూ, కింద స్ప్రింగు తోస్తుంటుంది” అన్నాను. “మీకెట్ల తెలుసు ఆంటీ?” అన్నాడు అతను, ఫోన్‌ని వదిలేసి నన్ను చూస్తూ. తీరికగా చెప్తానని పైకి వచ్చేశాను. పాలు పొయ్యి మీద పెట్టాక గానీ తట్టలేదు, ఆయన జ్ఞాపకం వచ్చి నేను నవ్వడం ఈ నాలుగు నెలల్లో అదే మొదటిసారి అని. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మధ్యకాలం. మా పెళ్లై రెండేళ్లు. నేను నిజామాబాద్ పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, ఆయనది బోధన్. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు విభాగంలో ఆయన పని. ఊరూరూ తిరిగి ఎవరి తోట ఎంత ఎదిగింది, ఎప్పుడు కొట్టడానికి వస్తుంది అని చూసి రాసుకొచ్చేవాడు. ఆ తిరుగుడు కోసం, నౌకరీ నుంచి దిగిపోయి సొంత ఊరికి వెళ్తున్న ఒక ఇంజనీరు దగ్గర పాత మోటార్ సైకిల్ తీసుకున్నాడు. మా గల్లీలో దాన్ని అందరూ ఫట్‌ఫటీ అనేవారు. ఆయన మాత్రం ఎప్పుడూ ‘బండి’ అనేవాడు, అదీ కాస్త గొంతు తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్లను గురించి చెప్పినట్టు. దానికి ఇంజన్ మంచిదే. ముందు ఫోర్కులో స్ప్రింగులే కుంగిపోయాయి. బండి గుంతలో పడితే స్ప్రింగు నొక్కుకొని మళ్లీ లేవాలి కదా, అది లేవదు. ఇనుము ఇనుముకు తగిలి ఠంగుమని చప్పుడయ్యేది. ఆయన వీధి మలుపు తిరిగే ముందే ఆ చప్పుడు వినిపించేది, నేను పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేదాన్ని.

బోధన్ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది నమ్మరు. చెరకు ఆడే కాలంలో ఆ ఊరంతా ఒకటే వాసన. కాగిన చెరకు రసం, దాని అడుగున మిగిలే నల్లటి మడ్డి, రెండూ కలిసిన తియ్యటి, కాస్త పులిసిన వాసన. ఆరేసిన బట్టల్లో, తాగే నీళ్లలో, దిండు గలీబుల్లో కూడా అదే. పెళ్లైన కొత్తలో నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. “ఏం వాసన?” అని ఆయన నిజంగానే అడిగాడు. వాళ్లకు అది తెలియదు. నాలుగో వారానికి నాకూ తెలియకుండా పోయింది. ఆ మడ్డిని డబ్బాల్లో పట్టి ఇళ్లకు తెచ్చుకునేవారు. మా ఇంట్లో బర్రెకు కుడితిలో కలిపేవాళ్లం. పక్కింటి ఖాలా తన మామగారి హుక్కాలో పెట్టే గుడాకు, అంటే పొగాకు ముద్ద, చేయడానికి మా దగ్గరే చిన్న గిన్నెలో పట్టుకుపోయేది. ఆమెను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది. నేనూ అంతే.

ఆ చలికాలం నాకు ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా ఉత్తర్వు వచ్చింది. మోస్రా దాటాక నాలుగు మైళ్లు బండ్ల బాటలో పోతే వచ్చే ఒక పల్లె. పదిహేను రోజుల్లోగా చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు. నాకప్పుడు నాలుగో నెల. అంతకు ముందు ఏడాది ఒకటి నిలబడలేదు. బస్సు మోస్రాలో దింపుతుంది, అక్కడి నుంచి నాలుగు మైళ్లు నడవాలి. ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్లోనే గది చూసుకోవచ్చని అనుకున్నాం. చేరడానికి మాత్రం ఒక్కసారి అక్కడికి వెళ్లాలి. మా అత్త బీడీలు చుట్టేది. చదువు లేదు. కోడలికి నౌకరీ వచ్చిందని గల్లీలో అందరికంటే ముందు ఖాలాకు గోడ మీది నుంచి చెప్పింది ఆమెనే. “నా వేళ్లకు తంబాకు వాసన ఈ జన్మల పోదు. నీ వేళ్లకు సుద్ద అంటుకోనీ బిడ్డా” అంది నాతో. అయితే కొడుకుతో మాట వేరు.

“గా ఎగిరిపడే బండి మీద నా కోడల్ని ఎక్కనియ్య. కడుపుల బిడ్డ ఉన్నది, ఎర్కున్నదా?”

“మరి నాలుగు మైళ్లు నడిపియ్యమంటవా అవ్వా?”

“నడిపియ్యమని నేనన్ననా? బండి బాగు చేసుకొమ్మన్న. ఫ్యాక్టరీల గంత పెద్ద పెద్ద మిషిన్లు తిప్పుతరు, గీ రెండు స్ప్రింగులు దొర్కయా?”

బోధన్‌లో దొరకలేదు, నిజామాబాద్‌లోనూ దొరకలేదు. హైదరాబాదులో ఉండే మా అన్నకు ఉత్తరం రాశాం. ఆయన దుకాణాలన్నీ తిరిగి దొరికాయని జవాబు రాశాడు, తెస్తానన్నాడు, తెస్తానన్న రోజు రాలేదు. పదో రోజు గడిచింది, పన్నెండో రోజు గడిచింది. “రేపొస్తయ్” అని మా ఆయన రోజూ చెప్పేవాడు, నేను రోజూ ఉత్తర్వు తీసి తారీఖు చూసుకొని మళ్లీ కవర్లో పెట్టేదాన్ని. గురువారం సాయంత్రం మా అన్న రైలు దిగి, గ్రీజు కాగితంలో చుట్టిన రెండు స్ప్రింగులను చంకలో పెట్టుకొని వచ్చాడు. చేరడానికి ఆఖరి రోజు శనివారం. మా ఆయన శుక్రవారం, శనివారం రెండు రోజులు సెలవు పెట్టాడు. ఒకరోజు బండికి, ఒకరోజు నాకు.

లారీల షెడ్డు మిస్త్రీకి శుక్రవారం షెడ్డు బంద్. అందుకని గురువారమే మా ఆయన అతని దగ్గరికి పోయి, ఏది ముందు విప్పాలో ఏది తర్వాత విప్పాలో బీడీ కట్ట కాగితం మీద బొమ్మ వేయించుకొచ్చాడు. ఫోర్కులో పోయడానికి చిక్కటి నల్లనూనె కూడా ఒక వనస్పతి డబ్బాలో ఇచ్చాడు మిస్త్రీ. “ఇది మిస్త్రీ పని గాదట, ఓపిక పనట” అన్నాడు ఆయన నాతో. ఓపిక ఆయనకు లేదని ఆ మిస్త్రీకి తెలియదు. ఆ డబ్బాను పెరట్లో నీళ్ల గోలెం పక్కన పెట్టాడు. అక్కడే, అట్లాంటి వనస్పతి డబ్బాలోనే, బర్రెకు పెట్టే మడ్డి ఉండేది. ఇది చదివేవారికి ఇక్కడే విషయం అర్థమై ఉంటుంది. మాకు అర్థం కావడానికి శనివారం పొద్దుటిదాకా పట్టింది.

శుక్రవారం పొద్దున ఇంజన్ కింద కట్టెలు కొట్టే మొద్దు పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాం. ఫోర్కుకు చక్రానికి అటూ ఇటూ రెండు గొట్టాలు, వాటిని ‘కాళ్లు’ అనేవాడు ఆయన. గొట్టం పైన ఇనుప మూత, దాని కింద స్ప్రింగు, దాని చుట్టూ నూనె. ఇంతే యంత్రం. పానాతో మూత తిప్పుతూ తిప్పుతూ ఉంటే అది ఒక్కసారిగా ఎగిరి, అరుగు మీద కూర్చున్న మా అత్త చాటలో, కత్తిరించి పెట్టుకున్న తునికాకుల మధ్య పడింది. ఆమె బెదరలేదు. మూతను రెండు వేళ్లతో తీసి, “నీ ఫట్‌ఫటీకి బీడీ కావాల్నటరా?” అంది. రెండో మూతకు తన పాత కొంగు ముక్క కప్పించింది. సైకిల్ పుల్లను కొనకు వంచి గొట్టంలోకి దింపి పాత స్ప్రింగును పైకి లాగాడు ఆయన. నేను కొత్తదాన్ని దాని పక్కన అరుగు మీద పెట్టాను. కొత్తది రెండు వేళ్లు పొడుగు. “సూడు, సూడు! గిందుకే గదా ఠంగుమనేది!” అని ఆయన కేక వేశాడు. గల్లీలో పోయేవాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిచి ఆ రెండు వేళ్ల తేడా చూపించాడు. వాళ్లు చూసి, తలాడించి, పోయారు.

కింది మర తీసి పాత నూనె కార్చేశాం. “నూనె డబ్బా తే” అన్నాడు. నేను పోయి తెచ్చాను. ఆయన మూత తీసి, వంచి చూసి, మెచ్చుకున్నాడు. “మిస్త్రీ అసలు మాల్ ఇచ్చిండు. తీగె సాగుతున్నది, సూస్తున్నవా?” నిజంగానే సాగింది. నల్లగా మెరుస్తూ, ఎక్కడా తెగకుండా గరాటులోకి దిగింది. చాయ్ గ్లాసుతో కొలిచి కాలుకు గ్లాసున్నర పోశాడు. వాసన రాలేదా అని అడగొచ్చు. వచ్చే ఉంటుంది. ఆ వాసన ఆ పూట గాలిలో ఉంది, మా బట్టల్లో ఉంది, ఊరంతా ఉంది. అందులో ఈ మూడు గ్లాసుల వాసనను వేరుగా పట్టుకునే ముక్కు బోధన్‌లో ఎవరికీ లేదు.

మూతలు మళ్లీ పెట్టడం కష్టమైన పని. స్ప్రింగు రెండు వేళ్లు పైకి తన్నుకొని ఉంటుంది. దాన్ని మూతతో కిందికి నొక్కి పట్టి, అదే సమయంలో మర ఎక్కించాలి. ఆయన బలంగా నొక్కుతాడు, తిప్పబోతే జారుతుంది. నాలుగుసార్లు అట్లా అయ్యాక మా అత్త చాట పక్కన పెట్టి లేచింది. “నువ్వు ఒత్తు. తిప్పుడు నాకు ఇడువు” అంది. ముందు మూతను వెనక్కి తిప్పింది, మర అంచు ఎక్కడ మొదలవుతుందో వేలికి తగిలేదాకా. తగలగానే ముందుకు తిప్పింది, పట్టుకుంది. రోజంతా ఆకును వేలి కొనతో తడిమి చుట్టే చేతికి ఇనుము కూడా అట్లాగే తెలుస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు బండి నేల మీద నిలబడింది. ఎండ బాగా ఉంది. ఆయన హ్యాండిల్ పట్టుకొని నొక్కాడు. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. గల్లీ చివరిదాకా పోయి వచ్చాడు. ఠంగుమనలేదు. “పల్లకీ!” అని గుమ్మం బయటి నుంచే అరిచాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగ లాగే ఉంది. మా అన్న భోంచేసి రైలుకు వెళ్లిపోయాడు. మా అత్త ఆ పూట బీడీలు చుట్టడం ఆపి నా కొత్త చీరకు అంచు కుట్టింది.

శనివారం పొద్దున చలి గట్టిగా ఉంది. ఏడింటికి నేను చీర కట్టుకొని, ఉత్తర్వు కవరు సంచిలో పెట్టుకొని, రొట్టెల డబ్బా పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన బండిని స్టాండు మీది నుంచి దించాడు. ముందు భాగం కిందికి దిగింది. దిగి, అక్కడే ఉండిపోయింది. ఆయన హ్యాండిల్ పట్టి పైకి లాగాడు. రాలేదు. కాలితో తన్నాడు. రాలేదు. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకొని లేపితే, ఎవరో లోపల కూర్చొని పట్టుకున్నట్టు, చాలా నెమ్మదిగా ఒక వేలు మేర లేచి ఆగింది. నొక్కితే మళ్లీ దిగి అక్కడే. “కొత్త స్ప్రింగులకు ఏం రోగం?” అన్నాడు. ముఖం పాలిపోయింది. మోస్రా వైపు పోయే ఒక్క బస్సు, ఏడు గంటలది, అప్పటికే చౌరస్తా దాటి పోయింది.

మా అత్త వంగి ఫోర్కు కింద చూస్తోంది. “ఒరేయ్, బండికి చీమలు పట్టినయేందిరా?”

“బండికి చీమలేందే అవ్వా! నేనీడ సస్తుంటె నువ్వొకటి.”

“కండ్లున్నయి గదా, సూడు మరి.”

చూశాం. అరుగు పగులులో మొదలైన ఎర్రచీమల బారు వాకిలి దాటి, టైరు ఎక్కి, పుల్లల మీదుగా నడిచి, ఫోర్కు కాలికి నూనె బయటికి రాకుండా పట్టే సీలు ఉండేచోట గుంపు కట్టింది. అక్కడ నల్లటి చుక్కలు నాలుగు బయటికి వచ్చి ఎండి ఉన్నాయి. మేం ముగ్గురం ఆ చీమలను చూస్తూ ఉండగానే గోడ మీద ఖాలా తల కనబడింది. చేతిలో చిన్న గిన్నె. “బేటీ, జెర్ర మడ్డి ఇస్తవా? మా మామ పొద్దుగాల్నే హుక్కా అని జాన్ తింటుండు” అంది. నేను ఆలోచించకుండా పెరట్లోకి పోయి, గోలెం పక్కన ఉన్న డబ్బా తెచ్చి గోడ మీద పెట్టాను. ఆమె వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. “యా అల్లా! ఇది మడ్డి గాదమ్మా, లారీ నూనె! దీన్ని హుక్కాల పెడితే మా ముసలాయన హార్న్ కొడ్తడు!”

మేం ముగ్గురం ఆ డబ్బా వైపు, బండి వైపు చూశాం. చీమలు మాత్రం వాటి పని చూసుకుంటున్నాయి. ఎండలో పల్చగా ఉన్న మడ్డి పల్లకీ మోసింది. రాత్రి చలికి గడ్డకట్టింది. ఆ డబ్బా తెచ్చింది నేను. నా ఉత్తర్వును నేనే ఫోర్కులో పోసి మూత బిగించినట్టయింది. “నేనే తెచ్చిన” అన్నాను. ఆయన కోపిష్టి, ఓపిక లేనివాడు. అరుస్తాడనుకున్నాను. ఆయన సీలు దగ్గరి చుక్కను గోటితో గీకి, నాలుక మీద పెట్టుకొని, తల ఊపి, నవ్వాడు. “మొత్తం బోధన్ల ఎవన్నన్న అడుగు, మడ్డి వాసనొస్తున్నదా అంటె రాలేదనే చెప్తడు. నీదేం తప్పు గాదు. పోసినోన్ని నేను, మెచ్చుకున్నోన్ని నేను.” పెళ్లైన రెండేళ్లకు ఆ మనిషి నాకు మొదటిసారి పూర్తిగా కనబడింది ఆ మాటలోనే అనుకుంటాను. “నవ్వుడు తర్వాత. పొద్దు ఏడు దాటింది. ఇప్పు!” అంది మా అత్త.

ఈసారి మూతలు ఎగరలేదు, స్ప్రింగులు ఎగరలేదు. సైకిల్ పుల్లతో లాగితే మడ్డిని వెంట తీసుకొని సాగుతూ వచ్చాయి. కింది మర తీస్తే నూనె కారినట్టు కారలేదు, ఒక చుక్క వేలాడి ఆలోచించుకుంటూ ఉంది. ఆయన సీసాడు కిరసనాయిలు, మా అత్త మాటలో గాసునూనె, పోశాడు. కిరసనాయిలు పైనుంచి పోసింది పోసినట్టు కిందికి వచ్చింది, మడ్డి గోడలకు పట్టింది పట్టినట్టే ఉంది. ఇంకో సీసా పోశాడు. అప్పటికి తొమ్మిది. నేను కొత్త చీర మార్చేసి, పాత చీర కొంగు బిగించి, స్ప్రింగును బట్టతో తుడుస్తున్నాను. బట్ట స్ప్రింగుకు అంటుకుపోతోంది. “పెట్రోలు పోస్త” అన్నాడు ఆయన.

“ఏం పోస్తవురా? బెల్లం వండిన కడాయిని గాసునూనెతోని కడుగుతరా ఎవరన్న?” అంది మా అత్త. “ఉడుకు నీళ్లు పొయ్యి.”

“ఫోర్కుల నీళ్లు పోస్తె తుప్పు పడ్తది అవ్వా.”

“తుప్పు పట్టేది యాడాదికి. కోడలు నౌకరీ పోయేది ఇయ్యాల.”

స్నానాల కోసం కాగులో పెట్టిన నీళ్లు పొయ్యి మీద మరుగుతూనే ఉన్నాయి. మొదటి చెంబు గరాటులో పోయగానే కింద నుంచి గోధుమ రంగు నీళ్లు బొటబొటా కారాయి. ఆయన “వచ్చింది!” అని కేక వేశాడు. ఇక ఆ తర్వాత మేం ముగ్గురం ఒక మిషన్ అయిపోయాం. నేను ముంచి ఇస్తాను, ఆమె పోస్తుంది, ఆయన చక్రం పట్టుకొని కిందికీ పైకీ ఆడిస్తాడు. ఒక్కో చెంబుకు ఫోర్కు కాస్త తేలికవుతోంది. మా కాగు ఖాళీ కాగానే, మేం అడగక ముందే, గోడ మీద ఖాలా చేతులు కనబడ్డాయి, మసి బట్టతో పట్టుకున్న పొగలు కక్కే డేగిసాతో. “లే బేటీ, ఇంకోటి పెట్టిన పొయ్యి మీద!” పన్నెండో చెంబుకు కింద నుంచి వచ్చే నీళ్లు తెల్లగా వచ్చాయి. వాకిలంతా తియ్యటి బురద. బర్రె తాడు పొడుగున మెడ చాపి ఆ బురదను నాకుతోంది. మా అత్త దాన్ని కూడా అదిలించలేదు, దానికీ పండగేనని వదిలేసింది.

ఆరబెట్టడం నాకు అప్పగించారు. పొడుగాటి పుల్లకు ఆయన పాత ధోవతి ముక్కలు చుట్టి గొట్టంలోకి దింపి తిప్పడం, తీయడం, తడి ముక్క పారేసి కొత్తది చుట్టడం. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. స్ప్రింగులను ఎండలో రేకు మీద పెట్టాం. ఆఖరి తడి పోవడానికి కాస్త కిరసనాయిలు పోసి కార్చేశాం, ఇప్పుడు దానికీ ఒక పని దొరికింది. తర్వాత అసలు నూనె. పోసే ముందు ఆ డబ్బాను ఆయన నాకు వాసన చూపించాడు, మా అత్తకు చూపించాడు, గోడ అవతలికి చాపి ఖాలాకు చూపించాడు. ముగ్గురం లారీ నూనే అని ఒప్పుకున్నాకే గ్లాసు ముంచాడు. మూతలు ఎక్కించడానికి మా అత్తకు ఒక్కో దానికి ఒక్క ప్రయత్నమే పట్టింది. బండి నేల మీద నిలబడేసరికి పావు తక్కువ రెండు. ఆయన హ్యాండిల్ నొక్కాడు. దిగింది, లేచింది. నీడలోకి తోసుకుపోయి నొక్కాడు. దిగింది, లేచింది. “ఎక్కు!” అన్నాడు. నేను చీర మార్చుకోవడానికి లోపలికి పరుగెత్తితే, “మెల్లగ పో బిడ్డా, పరుగెత్తేది ఫట్‌ఫటీ పని, నీది గాదు” అంటూ మా అత్త వెంట వచ్చింది.

ఊరు దాటడమే అరగంట. ఫ్యాక్టరీకి వచ్చే చెరకు బండ్లు ఒకదాని వెనక ఒకటి రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. బండ్ల వాళ్లు కింద కూర్చొని రొట్టెలు తింటున్నారు. ఆయనను తెలిసిన రైతులు “సార్, మా పర్మిటు ఎప్పుడొస్తది?” అని అడ్డం వస్తున్నారు. “సోమవారం! సోమవారం!” అని అందరికీ ఒకటే జవాబు అరుస్తూ పోయాడు. బండ్ల బారు దాటాక రోడ్డు ఖాళీ అయింది. నాకు అప్పుడు తెలిసింది, ఆ రెండు వేళ్ల తేడా ఏమిటో. గుంత వస్తుంటే కనబడుతుంది, నేను పళ్లు బిగపట్టి ఆయన భుజం పట్టుకుంటాను, గుంత వెళ్లిపోతుంది. అంతే. కడుపులో నీళ్లు కదలలేదంటారే, నిజంగా కదలలేదు. వర్ని దాటేదాకా నేను ఆయన భుజం పట్టుకునే ఉన్నాను, తర్వాత వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. “పడ్డవా ఏంది?” అని వెనక్కి తిరిగి చూశాడు, బరువు తెలియక. నాకు పాట పాడాలనిపించింది. పాడలేదు, నాకు రాదు. ఆయనే ఏదో కూనిరాగం తీశాడు, అది ఆయనకూ రాదు.

మోస్రా దాటి బండ్ల బాట పట్టేసరికి నాలుగైంది. బాటలో బండి చక్రాలు కోసిన గాడులు మోకాలి లోతున ఉన్నాయి. అక్కడ వేగం సాగలేదు. ఒక మలుపు తిరిగాక ఎదురుగా పిల్లలు కనబడ్డారు, పలకల సంచులు నెత్తిన పెట్టుకొని, ఎగురుతూ వస్తున్నారు. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బడి వదిలారు. ఆయన చేతి గడియారం నాలుగు ముప్పై ఆరు చూపిస్తోంది. పిల్లల వెనక ఒక పెద్దమనిషి సైకిల్ మీద వస్తున్నాడు. తెల్ల ధోవతి, కోటు, కోటు జేబులో కాగితాలు. మమ్మల్ని చూసి కాలు కింద పెట్టాడు.

“కొత్త టీచరమ్మ మీరేనా?”

“అవును సార్. లేటైంది.”

“లేటు? పదిహేను దినాల సంది బాటకు సూస్తున్న. ఇయ్యాల కూడ రాకుంటె ఆఫీసుకు రాయమన్నరు. రాసిన. ఇగో.” జేబులో నుంచి కవరు తీసి చూపించాడు. “మోస్రాల టపాలో ఏసేటందుకే పోతున్న.”

మా ఆయన బండి దిగాడు. ఫోర్కు, స్ప్రింగులు, మడ్డి, చీమలు, ఉడుకు నీళ్లు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. సగం చెప్పేసరికి ఆ బడి పెద్దసారు ముఖం మారింది. చీమల దగ్గరికి వచ్చేసరికి సైకిల్ హ్యాండిల్ మీద వాలి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఎండ ఎక్కడుందో చూశాడు. “బడి బంద్ అయింది గని దినం ఇంక బంద్ గాలే. తాళంచెవి నా మొలకే ఉన్నది. నడువుండ్రి” అన్నాడు.

పెద్దసారు సైకిల్ మీద వచ్చేలోపు మేం బడి ముందర నిలబడ్డాం. ఒకటే గది, రేకుల వసారా. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. నేను కొంగుతో తుడుస్తూ ఉన్నాను. మా ఆయన మాత్రం నావైపు చూడకుండా బండి హ్యాండిల్ మీద చేతులు పెట్టి నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. పెద్దసారు తాళం తీసి, హాజరు పుస్తకం తెరిచి, గీత గీసి నా పేరు రాశాడు. పక్కన నేను సంతకం పెట్టాను. పెద్దసారు తన జేబులోని కవరును నాలుగు ముక్కలు చేసి కిటికీలో నుంచి పారేసి, “సోమవారం మాత్రం పదింటికి రావాలె టీచరమ్మా, ఏ బండి మీద వచ్చినా సరే” అన్నాడు. బయటికి వచ్చి మా ఆయనకు తల ఊపాను. ఆయన హ్యాండిల్ వదిలాడు. రొట్టెల డబ్బా తీసి వసారాలో కూర్చున్నాడు. పొద్దుట్నుంచి మేం ఇద్దరం ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దసారుకు కూడా ఒక రొట్టె ఇచ్చాం. ముగ్గురం ఆ వసారాలోనే తిన్నాం.

ఆ నాలుగో నెల బిడ్డకు ఇప్పుడు తన బిడ్డలున్నారు, రోజూ పొద్దున ఫోన్ చేస్తుంది. మా అత్త పోయి చాలా ఏళ్లైంది. ఆ శనివారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదింటి వరకు ఏ గంటకు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఏమన్నారో నేను వరుసగా చెప్పగలను. ఆ తర్వాత ఆయనతో గడిపిన ఇన్నేళ్లలో అట్లా మొదటి నుంచి చివరిదాకా గుర్తున్న రోజులు వెతికితే పది కూడా దొరకడం లేదు. మిగతావన్నీ ఏదీ చెడిపోని రోజులు, చెప్పుకోవడానికి ఏమీ లేకుండా గడిచిపోయాయి, ఇప్పుడు నాకు కావలసింది వాటిలో ఏదో ఒకటి.